చిన్న బిట్‌కాయిన్ యంత్రములకు తగిన యు.ఎస్.బి. హబ్బును ఎన్నుకొనుట

మా పాఠశాల పై తరగతులలోని బాలురు కొందఱు ఈ సంవత్సరమున మమ్ము తఱచుగా అడిగిన ప్రశ్న యొకటి కలదు. బొటనవ్రేలంత యంత్రము నొకదానిని కంప్యూటరునకు తగిలించి, దాని మూలమున బిట్‌కాయిన్ అను అంకెల నాణెమును సంపాదింపవచ్చునని వారు వినియున్నారు. ఒకరిద్దఱు అట్టి యంత్రములను తెప్పించుకొనియు నున్నారు. "మాష్టారూ, దీనికి ఏ హబ్బు కొనమందురు?" అని వారి ప్రశ్న. హబ్బనగా ఒక్క యు.ఎస్.బి. పోర్టును నాలుగో, ఏడో, పదియో పోర్టులుగా విడదీయు చిన్న పెట్టె. పైకి చూడ నిది అంగడి బేరమునకు సంబంధించిన స్వల్ప విషయమువలె దోచును. కాని యీ యంత్రము రాత్రింబగళ్ళు ఎడతెగక పనిచేయునది. అది పనిచేయు చోటు తఱచుగా పిల్లవాడు పండుకొను గదియే. ఆ గదిలోని పుస్తకములు, తెరలు, పరుపు అన్నియు మండు స్వభావము గలవే. కావున ఈ ప్రశ్నకు రెండు మాటలలో బదులు చెప్పి పంపివేయుట మాకు న్యాయముగా దోచలేదు. బాలురేగాక వారి తలిదండ్రులును ఈ పత్రికను చదువుదురు గనుక, ఇందే కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఆ యంత్రము చేయు పని యెట్టిదో తెలియవలెను. బిట్‌కాయిన్ అనునది ఏ ప్రభుత్వమును ముద్రింపని నాణెము. సతోషి నకమోటో అను పేరుతో నెవరో 2008వ సంవత్సరమున దాని విధానమును వ్రాసి ప్రకటించిరి. 2009 జనవరి 3వ తేదీన దాని లెక్క పుస్తకములోని మొదటి పుట పుట్టినది. ఆ పుటకే బ్లాకని పేరు. సుమారు 10 నిమిషములకొక క్రొత్త పుట చేరుచుండును. దానిని చేర్చు హక్కు ఎవరికి లభించుననగా, షా-256 అను గణితసూత్రము ననుసరించి కోట్లకొలది అంకెలను మార్చి మార్చి లెక్కించి, నియమిత హద్దునకు లోబడిన ఫలితమును అందఱికంటె ముందుగా కనుగొన్నవారికి. ఇందు తెలివితేటలకు చోటు లేదు. అదృష్టమునకును వేగమునకును మాత్రమే చోటు. బంగారముకొఱకు రాతిని త్రవ్వి త్రవ్వి పారవేయు పనిని పోలియుండుటచేత దీనికి మైనింగు, అనగా గని త్రవ్వుట, అను పేరు వచ్చినది. పుట కనుగొన్నవారికి మొదట 50 నాణెములు బహుమానముగా లభించుచుండెను. అది 2012, 2016, 2020, 2024 సంవత్సరములలో సగము సగముగా తగ్గి, 2024 ఏప్రిల్ నుండి 3.125 నాణెములైనది.

తొలిదినములలో సామాన్య కంప్యూటర్లే ఈ పని చేసినవి. తరువాత ఈ యొక్క లెక్క తప్ప మఱేమియు చేయనేరని చిప్పులను తయారుచేసిరి. వానిని ఆసిక్ చిప్పు లందురు. 2013లో ఆసిక్‌మైనర్ అను సంస్థవారు అట్టి చిప్పు నొకదానిని యు.ఎస్.బి. పుల్లకు బిగించి బ్లాక్ ఇరప్టర్ అను పేర అమ్మిరి. అది సెకనుకు సుమారు 33 కోట్ల లెక్కలు చేయుచు 2.5 వాట్ల విద్యుత్తును తినుచుండెను. తరువాత గెక్కోసైన్స్ వారి కాంపాక్ మొదలగు పుల్లలు వచ్చినవి. వానిలో కాంపాక్ ఎఫ్ అను యంత్రము సెకనుకు 20 వేల కోట్ల లెక్కలకు మించి చేయగలదు. గాని వేగము పెంచినకొలది అది 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లకు పైబడి లాగుకొనును.

ఇచట బాలురు మఱవరాని సంగతి యొకటి కలదు. పంకాలోనికి పోయిన విద్యుత్తు కొంత గాలిని కదలించును. దీపములోనికి పోయినది కొంత వెలుతురగును. ఈ యంత్రములోనికి పోయిన విద్యుత్తు మాత్రము ఇంచుమించుగా అంతయు వేడిమియే యగును. లెక్కలకు బరువు లేదు, కదలిక లేదు. 10 వాట్ల యంత్రమనగా 10 వాట్ల పొయ్యి యనియే భావింపవలెను. అట్టి పొయ్యిలు నాలుగింటిని ఒక ప్లాస్టిక్ పెట్టెకు గ్రుచ్చి, ఆ పెట్టెను నమ్మి నిద్రించుచున్నాము. కావున పెట్టె యెట్టిదో చూడవలసినదే.

యు.ఎస్.బి. యను ఏర్పాటు 1996లో ప్రారంభమైనప్పుడు దాని నిర్మాతల మనస్సులో నున్నవి కీబోర్డు, మౌసు, ముద్రణయంత్రము వంటి అల్పాహారులు. 2000 సంవత్సరపు రెండవ ప్రమాణముప్రకారము ఒక పరికరము కంప్యూటరుతో మాటలాడి అనుమతి పొందక పూర్వము 100 మిల్లీ ఆంపియర్లకు మించి తీసికొనరాదు. అనుమతి పొందిన పిదప 500 వఱకు తీసికొనవచ్చును. 2008లో వచ్చిన మూడవ ప్రమాణము దీనిని 900 మిల్లీ ఆంపియర్లకు పెంచినది. ఫోనులకు విద్యుత్తు నింపుకొనుట కేర్పడిన ప్రత్యేక నియమమున 1.5 ఆంపియర్ల వఱకు అవకాశము కలదు. మొదటి బ్లాక్ ఇరప్టరు సరిగా 500 మిల్లీ ఆంపియర్ల గీత వద్ద నిలిచినది. తరువాతి యంత్రములలో పెక్కు ఆ గీతను దాటినవే. కంప్యూటరు పోర్టునకు వానిని సూటిగా తగిలించుట పిల్లకాలువను తెంపి పెద్దకాలువ నీటిని మళ్ళించుట వంటిది. గట్టు ఎంతసేపు నిలుచునో చెప్పజాలము. మా బాలురు మిక్కిలి ఇష్టపడు రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరును తీసికొన్నను, దాని నాలుగవ తరమున పోర్టు లన్నిటికిని కలిపి 1.2 ఆంపియర్లు మాత్రమే లభించును. ఒక్క వేగవంతమైన పుల్లకైనను అది చాలదు.

హబ్బులు రెండు తెగలు. మొదటి తెగ తాను తగులుకొన్న కంప్యూటరు నుండియే విద్యుత్తును తీసికొని పంచిపెట్టును. ఇది దానము తెచ్చి దానము చేయుట వంటిది. రెండవ ప్రమాణమున దానికి వచ్చినదే 500, అందు తన ఖర్చు పోగా నాలుగు పోర్టులకు తలకొక 100 మిగులును. మన పనికి ఇది పనికిరాదు. దీనిని గుఱించి ఇంతకంటె వ్రాయ నక్కఱలేదు. రెండవ తెగ హబ్బునకు గోడకు తగిలించు అడాప్టరు వేఱుగా నుండును. కంప్యూటరుతో నడచునది వార్త మాత్రమే. ఆహారమంతయు అడాప్టరునుండి వచ్చును. మనకు కావలసినది ఈ తెగ. కాని అడాప్టరున్న ప్రతి హబ్బును క్షేమకరము కాదు. పోర్టుల సంఖ్యను పెట్టెపై పెద్ద అక్షరములతో ముద్రింతురు. అడాప్టరు శక్తిని అడాప్టరు వెనుక కన్నులకానని అక్షరములతో ముద్రింతురు. కొనువారు చదువవలసినది ఆ చిన్న అక్షరములనే.

ఆ చదువుటకు కావలసిన గణితము ఎనిమిదవ తరగతి బాలునకు తెలిసినదే. వోల్టులను ఆంపియర్లతో గుణించిన వాట్లు వచ్చును. ఒక ఉదాహరణమును చూతము. ఒకనియొద్ద తలకొక 1.5 ఆంపియర్లు తీసికొను యంత్రములు 4 కలవు. మొత్తము 6 ఆంపియర్లు. 5 వోల్టుల వద్ద 30 వాట్లు. వాని ప్రక్కన చల్లదనమునకై ఒక చిన్న యు.ఎస్.బి. పంకాను పెట్టినాడు, దానికి పావు ఆంపియ రనుకొందము. ఇప్పుడు 6.25 ఆంపియర్లు, అనగా 31 వాట్లకు కొంచె మెక్కువ. ఇక హబ్బు అంగడిలో 7 పోర్టులది కనబడినది. అడాప్టరుపై "5 వోల్టులు, 4 ఆంపియర్లు" అని యున్నది. పోర్టులు 7 ఉన్నవి గదా, యంత్రములు 4 మాత్రమే గదా యని వాడు సంతోషించును. కాని 4 ఆంపియర్లు 20 వాట్లే. వడ్డించు విస్తళ్ళు ఎన్నియున్నను గుండిగలోని అన్నము పెరుగదు. పిండి కొలది రొట్టె యని మనవారు చెప్పినదే యిచటి సూత్రము.

అడాప్టరు 32 వాట్లదైనచో సరిపోవునా? అదియు చాలదు. పూర్తి శక్తితో నడిచెడి అడాప్టరును రోజుకు 24 గంటలు నడపరాదు. దాని శక్తిలో నూటికి 80 వంతులకు మించి వాడకుండుట మంచి యలవాటు. మన 31.25 వాట్లను 0.8తో భాగించిన 39 వాట్లు వచ్చును. కావున 40 వాట్లకు తక్కువ కాని అడాప్టరు గల హబ్బే ఆ బాలునకు తగినది. మన దేశమున ఈ 80 వంతుల నియమమును మఱింత కఠినముగా పాటింపవలెను. అడాప్టరు తన పూర్తి శక్తి నిచ్చుట తఱచుగా 40 డిగ్రీల గాలి వఱకే యని నిర్మాతలు నిర్ణయింతురు. మే మాసమున రెంటచింతలలోనో బెజవాడలోనో మధ్యాహ్నమున గాలియే ఆ గీతను దాటును. వేసవిలో యంత్రములలో సగమును విప్పి యుంచుట, లేక పగలు ఆపివేయుట మా సలహా.

తలకొక పోర్టున కెంత యనునది వేఱు ప్రశ్న. 60 వాట్ల అడాప్టరున్నను, ఒక్కొక పోర్టునకు 0.9 ఆంపియరునకు మించి ఇయ్యని హబ్బులు కలవు. మఱికొన్నింట ఒకటి రెండు పోర్టులకు మాత్రము 2.4 ఆంపియర్లని గుఱుతుండును. అట్టివి కొన్ని ఫోనుకు విద్యుత్తు నింపుటకే గాని వార్తను చేరవేయవు. అచట యంత్రమును గ్రుచ్చిన దీపము వెలుగును గాని కంప్యూటరునకు యంత్రము కనబడదు. కొనకముందే మొత్తము శక్తిని, ఒక్క పోర్టు శక్తిని, వార్త నడచు పోర్టుల సంఖ్యను వేఱువేఱుగా అడిగి తెలిసికొనవలెను. వీనిలో నేదియు చెప్పని అమ్మకపువానివద్ద కొనకుండుటయే మేలు.

అడాప్టర్లలో 5 వోల్టులవియు, 12 వోల్టులవియు కలవు. చిన్న హబ్బులకు 5 వోల్టులవి సాధారణము. పెద్ద హబ్బులకు 12 వోల్టులవే శ్రేష్ఠమని మా అభిప్రాయము. కారణము సులభము. 60 వాట్లను 5 వోల్టుల వద్ద తేవలెనన్న 12 ఆంపియర్లు సన్నని తీగలోను, గుండ్రని చిన్న మొనలోను ప్రవహింపవలెను. ఆ మొన అంత ప్రవాహమునకు చేయబడినది కాదు. అదే 60 వాట్లు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లతో వచ్చును. హబ్బులోపలి చిన్న యేర్పాటు దానిని 5 వోల్టులకు దింపును. ఆ దింపుటలో కొంత శక్తి వేడిమిగా పోవును గాని అది స్వల్పము. అయితే ఒక ప్రమాదము కలదు. 5 వోల్టుల హబ్బు మొనయు 12 వోల్టుల హబ్బు మొనయు చాలసార్లు ఒకే పరిమాణములో నుండును. ఇంటిలో పాత రౌటరు అడాప్టరు ఖాళీగా నున్నదని తెచ్చి 5 వోల్టుల హబ్బునకు తగిలించినయెడల, హబ్బును దానికి తగిలిన యంత్రము లన్నియు ఒక్క క్షణమున చెడిపోవచ్చును. కావున హబ్బుతో వచ్చిన అడాప్టరునకు దాని పేరుగల చీటి నంటించి యుంచవలెను.

ఇక తీగల సంగతి. దీనిని ఎవరును పట్టించుకొనరు గాని, మా యెఱుకలో వేడిమికి మూలము తఱచుగా ఇదియే. కొందఱు యంత్రములను హబ్బునకు దూరముగా నుంచుటకై పొడిగింపు తీగలను వాడుదురు. చవుక తీగలలో విద్యుత్తు నడచు రాగిపోగు 28 గేజీది. దాని నిరోధము మీటరునకు సుమారు 0.21 ఓములు. విద్యుత్తు పోవుట కొక పోగు, మరలివచ్చుట కొక పోగు గనుక మీటరు పొడవు తీగలో నిరోధము 0.42 ఓములకు పైగా నుండును. 2 ఆంపియర్లు నడచిన నందు 0.85 వోల్టు తఱిగిపోవును. హబ్బువద్ద 5 వోల్టులున్నను యంత్రమునకు చేరునది 4.15 మాత్రమే, యంత్రము తడబడి, ఆగి, మరల మొదలిడును. బాలుడు యంత్రము చెడిపోయినదని తలంచును. అంతేగాక ఆ తీగలో 1.7 వాట్ల వేడిమి పుట్టుచుండును. తీగను చుట్టచుట్టి కట్టి బల్ల సొరుగులో నుంచిరా, ఆ వేడిమికి వెలుపలికి పోవు దారి లేదు. 24 గేజీ తీగయైనచో తఱుగు 0.34 వోల్టు, 20 గేజీదైన 0.13 వోల్టు మాత్రమే. గేజీ సంఖ్య తగ్గినకొలది తీగ లావగునని బాలురు గుఱుతుంచుకొందురుగాక. ఈ సంగతియందు తడబడనివారిని మేము కొలదిమందినే చూచితిమి. అన్నిటికంటె మేలు, పొడిగింపు తీగయే లేకుండ యంత్రమును హబ్బునకే గ్రుచ్చుట.

గ్రుచ్చుచోట నున్న నాలుగు లోహపు నాలుకలలో విద్యుత్తు వచ్చుట కొకటియు, పోవుట కొకటియు మాత్రమే. రెండవ ప్రమాణము ఆ నాలుకకు కోరిన సామర్థ్యము 1.5 ఆంపియర్లు, దాని తాకిడి నిరోధము క్రొత్తదిగా నున్నపుడు 0.03 ఓమునకు మించరాదు. 2 ఆంపియర్లకు అట్టి తాకిడివద్ద పుట్టు వేడిమి 0.12 వాట్టు, చింతింపదగినది కాదు. కాని పలుమాఱులు తీసి పెట్టుటచేత నాలుక వదులై, మన సముద్రతీరపు ఉప్పుగాలికి చిలుమెక్కి, నిరోధము పదింతలైన దనుకొందము. అప్పుడు అదే బిందువువద్ద 1.2 వాట్ల వేడిమి పుట్టును. వడ్లగింజంత లోహమునకు అది చాల ఎక్కువ. చుట్టునున్న ప్లాస్టిక్ మొదట పసుపువన్నె, పిదప గోధుమవన్నె తిరిగి, తుదకు మెత్తబడును. ప్రవాహము రెట్టింపైన వేడిమి నాలుగింత లగునని భౌతికశాస్త్రమున చదివినది ఇచట కన్నులారా చూడవచ్చును. యంత్రపు వేగమును కొంచెము పెంచితిని గదా, ఏమి నష్టమను బాలుడు ఈ సూత్రమును తలంచుకొనవలెను. వేగము పెంచు కోరిక యున్నవారు పుల్ల యంత్రములను విడిచి, బిట్‌ఆక్స్ మొదలగు యంత్రములను చూచుట మంచిది. అవి తమకు వేఱుగా నున్న అడాప్టరుతో నడచుచు, వై-ఫై మూలమున వార్త నంపును. వానికి హబ్బే అక్కఱలేదు. కొంత ధర యెక్కువైనను, క్షేమము దృష్ట్యా అదియే సులభమైన మార్గము.

హబ్బులోపల రెండు రక్షణ లుండవలెను. మొదటిది అధిక ప్రవాహమును ఆపునది. ఒక యంత్రములో లోపము కలిగి విద్యుత్తు నిరాటంకముగా పారినపుడు ఆ పోర్టును మూసివేయుట దీని పని. స్వయముగా శక్తి గల హబ్బునకు ఇది యుండి తీరవలెనని ప్రమాణమే శాసించుచున్నది. చవుక హబ్బులు కొన్ని దీనిని విడిచిపెట్టుచున్నవి. ప్రతి పోర్టునకు వేఱువేఱుగా నున్న రక్షణ ఉత్తమము. అన్నిటికి కలిపి యొక్కటే యున్నది మధ్యమము. రెండవ రక్షణ వెనుకకు పారుటను ఆపునది. అడాప్టరు విద్యుత్తు యంత్రములకే పోవలెను గాని, తీగవెంట వెనుకకు కంప్యూటరులోనికి పోరాదు. దీనిని పరీక్షించుట సులభము. రాస్ప్‌బెరీ పై యొక్క విద్యుత్తును తీసివేసి, హబ్బు తీగను దానికి తగిలించి, హబ్బు అడాప్టరును మాత్రము వెలిగింపుడు. ఆ కంప్యూటరు దీపము వెలిగినదా, హబ్బు వెనుకకు పోయుచున్నదన్నమాట. అట్టిదానిని అమ్మినవానికి తిరిగి యిచ్చివేయవలెను.

అడాప్టరుపై నుండవలసిన ముద్రను గుఱించి తలిదండ్రులకు చెప్పదలచితిమి. మన ప్రభుత్వము జారీచేసిన ఉత్తరువు ప్రకారము ఇట్టి అడాప్టర్లు భారతీయ ప్రమాణముల సంస్థవద్ద నమోదు కావలెను. నమోదైన దానిపై ఆ సంస్థ గుఱుతును, ప్రమాణపు సంఖ్యయు, ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉండును. ఆ సంఖ్యను సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనములో వ్రాసి, అది ఎవరి పేర నున్నదో ఇంట కూర్చుండియే చూచుకొనవచ్చును. ముద్ర యున్నంత మాత్రమున లెక్క తప్పదని కాదు. 20 వాట్ల మంచి అడాప్టరు 31 వాట్లకు మంచిది కానేరదు. కాని ముద్ర లేనిదానిని 230 వోల్టుల గోడ విద్యుత్తునకు తగిలించి రాత్రి నిద్రించుట మేము ఏ యింటికిని సలహా యియ్యజాలము.

హబ్బు ఇంటికి వచ్చిన పిదప యంత్రము లన్నిటిని ఒక్కసారి గ్రుచ్చరాదు. యు.ఎస్.బి. మీటరని వ్రేలెడు సాధన మొకటి స్వల్పధరకు దొరకును. అది వోల్టులను ఆంపియర్లను చూపును. మొదట ఒక యంత్రమును మీటరుద్వారా తగిలించి అంకెలను వ్రాసికొనవలెను. ఒక గంట తరువాత హబ్బును, అడాప్టరును, మొనను అరచేతితో తాకి చూడవలెను. వెచ్చగా నుండుట సహజము. చేయి నిలుపలేనంత వేడి తగదు. పిమ్మట రెండవ యంత్రము, మరల గంట. ఇట్లు క్రమముగా పెంచవలెను. అన్నియు నడచుచుండగా పోర్టువద్ద 4.75 వోల్టులకు తక్కువ కనబడినచో హబ్బు అలసినదనుట. అప్పుడొక యంత్రమును తీసివేయుటే మందు. ఈ పరీక్ష సెలవుదినమున, పెద్దలు ఇంట నున్నపుడు, పగటివేళ జరుగవలెను. నల్లబడిన ప్లాస్టిక్, చేపవాసనను పోలిన వాసన, లేక సన్నని చిటపట శబ్దము కలిగినచో ముందు గోడవద్ద స్విచ్చి నాపి, పిదపనే హబ్బును తాకవలెను. నీళ్ళు చల్లరాదు.

ఉంచు స్థలము గట్టి గచ్చుపైననో, రాతి పలకపైననో, పింగాణి బిళ్ళపైననో యుండవలెను. పరుపు, పుస్తకముల దొంతర, బీరువా లోపలి అర పనికిరావు. యంత్రముల నడుమ ఒక పోర్టు ఖాళీగా విడిచిన గాలి యాడును. కావున నాలుగు యంత్రములకు ఏడు పోర్టుల హబ్బు కొనుట వృథా కాదు. వారమునకొకసారి ధూళి దులుపవలెను. మన యిండ్లలో వెచ్చని చోటును వెదకుకొని చీమలును బల్లులును చేరుట అందఱు నెఱిగినదే. అడాప్టరు పగుళ్ళలోనికి చీమలు చేరి దానిని చెఱచుట వింత కాదు. ఫ్రిజ్జి, ఇస్త్రీపెట్టె తగిలించిన పొడిగింపు బోర్డుకే హబ్బును తగిలింపక, గోడలోని సాకెట్టును దానికి ప్రత్యేకింపవలెను.

ఇంతయు విన్న తండ్రి యొకరు, "దీనివలన వచ్చున దెంత?" అని అడుగుట న్యాయము. నిజము చెప్పవలెను గదా. 2024 నడిమి కాలమున లోకమంతటి బిట్‌కాయిన్ యంత్రములు కలిసి సెకనుకు సుమారు 60 లక్షల కోట్ల కోట్ల లెక్కలు చేయుచుండెను. మన పుల్ల సెకనుకు 30 వేల కోట్ల లెక్కలు చేయుననుకొన్నను, దాని వంతు 200 కోట్లలో నొకటి. సంవత్సరమునకు పుట్టు పుటలు 52,560. ఆ లెక్కన ఒక్క పుట కనుగొనుటకు సగటున 38 వేల సంవత్సరములు పట్టును. నలుగురితో కలిసి పూలు అను సమూహములలో చేరినచో చిల్లర నిత్యము కొంత వచ్చును గాని అదియు ఇదే నిష్పత్తిలోనిది. 10 వాట్ల యంత్రము నెలకు 7.2 యూనిట్ల విద్యుత్తును తినును. యూనిటు 6 రూపాయలని యనుకొన్నను 43 రూపాయలు. ఆ ఖర్చు కూడ రాదు. వచ్చినదానిని అమ్మిన లాభముపై 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున నూటికి 30 వంతుల పన్ను కలదు. ధనమునకై దీనిని కొనదలచిన బాలుని తండ్రి నిస్సంకోచముగా వలదని చెప్పవచ్చును. ఇంత శక్తి, ఇంత లాభమని ఫోనులో సందేశములు పంపి సొమ్ము కట్టించుకొనువారి మాట చెప్పనే యక్కఱలేదు.

అయినను కొందఱు బాలురు లాభమునకు గాక, అది యెట్లు పనిచేయునో చూచుటకే కోరుచున్నారు. ఓము సూత్రము, వేడిమి లెక్క, సంభావ్యత, రహస్యలిపి ఇవన్నియు ఒక్క వ్రేలెడు యంత్రమున కనబడుట నిజమే. అట్టివారు ఒక్క యంత్రమును, పైన చెప్పిన లెక్కకు తగిన ఒక హబ్బును కొని, మేలుకొనియున్న వేళలలో మాత్రము నడపినచో మాకు ఆక్షేపణ లేదు. మా పాఠశాల విజ్ఞానశాలలో యు.ఎస్.బి. మీటరొకటి కలదు. హబ్బును కొన్నవారు దానిని దాని అడాప్టరుతోగూడ ఏ శనివారము సాయంకాలమైనను తేవచ్చును. యంత్రమును తేనక్కఱలేదు, భారముకొఱకు మావద్ద 5, 10 ఓముల నిరోధక చుట్టలు కలవు. వానితో ఒక గంటసేపు పరీక్షించి, అంకెలను చీటిపై వ్రాసి, తలిదండ్రులకు చూపుటకై యిచ్చి పంపెదము.